సాయర్ స్క్వీజ్ ఫిల్టర్: గ్రాండ్ క్యానియన్ బురద నీళ్లకు ఆగుతుందా?

ఆగుతుంది, కానీ ఇదొక్కటే పట్టుకెళ్తే చాలదు. ఇది ట్రెక్కింగ్‌లో వాడే చిన్న నీటి ఫిల్టర్: సంచిలో నీళ్లు నింపి, మూతికి దీన్ని బిగించి పిండితే వడకట్టిన నీళ్లు వస్తాయి. బరువు సుమారు 85 గ్రాములు, వడపోత రంధ్రాలు 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బాక్టీరియా, కడుపు జబ్బులు తెచ్చే జియార్డియా, క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు దీన్ని దాటలేవు. వైరస్‌లు దాటతాయి. వాటి భయం ఉన్నచోట వడకట్టాక క్లోరిన్ డయాక్సైడ్ మాత్ర వేసి అరగంట ఆగాలి. కరిగిన లోహాలను మాత్రం ఇది ఆపలేదు. క్యానియన్‌లోని హార్న్ క్రీక్ అనే వాగు నీళ్లలో పాత యురేనియం గని తాలూకు రేడియోధార్మికత ఉంది. వాటిని ఎన్నిసార్లు వడకట్టినా ఒకటే.

అసలు చిక్కు కొలరాడో నది ఒండ్రుతో. వానల తర్వాత నది టీ రంగుకు తిరుగుతుంది. ఆ నీళ్లు నేరుగా సంచిలో నింపి పిండితే కాసేపటికే ధార సన్నబడి చుక్కల్లోకి దిగుతుంది. అప్పుడు బలంకొద్దీ పిండారా, ఫిల్టర్ తెరుచుకోదు సరికదా, సంచి అతుకు దగ్గర చిట్లుతుంది.

కాబట్టి మడత బకెట్ కూడా ఉండాల్సిందే. రాత్రంతా కదపకుండా ఉంచితే సగం పని అయిపోతుంది. అంత టైం లేకపోతే పటిక: నాలుగు లీటర్లకు పావు టీస్పూన్ పొడి వేసి, నిమిషం గట్టిగా కలిపి, ఐదు నిమిషాలు మెల్లగా తిప్పి వదిలేయాలి. మట్టి పింజలు పింజలుగా కట్టి అడుక్కి దిగుతుంది. పైతేట వరకే వంచుకోండి, అడుగున మూడు వేళ్ల ఎత్తు నీళ్లమీద ఆశ వద్దు.

సంచి బిగించే మూతి లోపల చిన్న వాషర్ ఉంటుంది. ఒక్కోసారి అది సంచి మెడకు అంటుకుని ఊడొస్తుంది. అది లేకుండా బిగిస్తే మురికి నీళ్లు ఫిల్టర్ బయటి గోడ వెంట జారి కింది సీసాలో కలుస్తాయి. అదనంగా ఒక వాషర్ జేబులో ఉంచుకోండి.

ఫిల్టర్‌లోకి నీళ్లు వెనక నుంచి ఎదురు కొట్టి కడిగే సిరంజిని బరువని వదిలేస్తారు చాలామంది. ఇక్కడ అది తప్పనిసరి. శుభ్రమైన నీళ్లతో ఒక్క ఊపున నొక్కాలి. మెల్లగా నొక్కితే నీళ్లు తెరిచున్న దారుల్లోంచే పోతాయి, పూడినవి పూడినట్టే ఉంటాయి.

చలికాలం రాత్రుళ్లు తడి ఫిల్టర్‌ని జిప్ కవర్లో వేసి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోవాలి. గడ్డకడితే లోపలి గొట్టాలు పగులుతాయి. పైకేమీ కనబడదు, ధారా బాగానే వస్తుంది, అదే ప్రమాదం. అనుమానమొస్తే పారేయండి.

ఇంటికొచ్చాక వెంటనే సిరంజితో కడగండి. సున్నం ఎక్కువున్న నీళ్లు లోపల ఎండి ధార బిగుసుకుపోతే, తెల్ల వెనిగర్‌లో అరగంట నానబెట్టి మళ్లీ కడిగితే చాలావరకు దారికొస్తుంది.