ఇంటి హెయిర్ ప్యాకులు: మూడేళ్ల వాడకంలో నిలిచినవి, వదిలేసినవి

మెంతులు, అవిసె గింజలు, మందారాకు, కొబ్బరి నూనె. మూడేళ్లు తలకు పట్టించి చూశాక ప్యాకుల డబ్బాలో మిగిలినవి ఈ నాలుగే. గుడ్డు, అరటిపండు, నిమ్మకాయ, ఉల్లిపాయ తిరిగి వంటకే వెళ్లిపోయాయి. సన్నగా, జిడ్డుగా ఉండే జుట్టు, రింగుల జుట్టు, రంగు వేసీ వేసీ పీచులా మారిన జుట్టు, ఈ మూడింటి మీదా వాడాకే ఈ మాట చెబుతున్నాను.

ప్యాక్ నుంచి ఏం ఆశించాలో ముందే తేల్చుకోండి. మాడు బయట కనిపించే వెంట్రుక ప్రాణం లేని, కెరటిన్ అనే ప్రొటీన్ పోగు. దానికి తిండి పెట్టలేం. చిట్లిన చివర్లను ఏ ముద్దా అతికించదు, కత్తెరే దిక్కు. పోగు మీద జారుడు పొర వేసి, చిక్కు తగ్గించి, దువ్వేటప్పుడు తెగకుండా చూడటం వరకే ప్యాక్ పని. ఇది చిన్న పనేం కాదు. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన 60 సెంటీమీటర్ల జడ చివర అయిదేళ్ల పాతది. అన్నేళ్ల ఎండ, దుమ్ము, రబ్బరు బ్యాండ్లు చూసిన చివరకీ, మొన్న మొలిచిన కుదురుకీ ఒకే ముద్ద పూయడం దండగ. ఈ నాలుగింటిలో మందారాకు తప్ప తక్కినవన్నీ చెవుల కింది నుంచి చివర్ల దాకానే రాస్తాను.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పరీక్ష నమ్మకండి. కాస్త నూనె అంటి ఉన్నా తేలుతుంది. ఒక వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపండి. ఏమీ తగలకపోతే సన్నం, కుట్టు దారంలా తగిలితే లావు. తలంటాక ఎంతసేపటికి ఆరుతుందో కూడా చూడండి. నీళ్లు పైనుంచి జారిపోయి, అసలు తడవడానికే టైమ్ తీసుకుని, గంటలు గంటలు ఆరకపోతే అది నూనె పీల్చుకోని జుట్టు. ఇట్టే తడిసి ఇట్టే ఆరితే రంగుకో, స్ట్రెయిటెనింగ్‌కో దెబ్బతిన్న జుట్టు.

మెంతుల ప్యాక్‌కి నా మార్కులు అయిదుకి నాలుగున్నర. లావు జుట్టుకి, పొడిబారిన జుట్టుకి దీన్ని మించింది దొరకలేదు. భుజాల దాకా ఉన్న జుట్టుకి 2 టేబుల్ స్పూన్ల మెంతులు ఒక కప్పు నీళ్లలో రాత్రి నానబోయాలి. పొద్దున ఆ నీళ్లు పారబోయకండి, జిగురు సగం అందులోనే ఉంటుంది. చట్నీ జార్‌లో వేసి అర నిమిషం తిప్పి ఆపి, మూతకి అంటింది కిందికి తోసి, మళ్లీ తిప్పండి. ఇలా నాలుగైదు సార్లు. ముద్దను వేళ్ల మధ్య రాస్తే రవ్వలా తగలకూడదు. అప్పుడూ అయిపోలేదు. పాత పంచె ముక్కలో వేసి పిండండి. గుడ్డ బయటికి తెల్లసొనలా సాగుతూ వచ్చేదే మనకు కావాల్సింది, గుడ్డలో మిగిలేది పిప్పి. టీ వడకట్టుతో కుదరదు, సన్నటి పొట్టు దాన్లోంచి దూసుకొచ్చేస్తుంది. మెంతి ప్యాక్ వేసుకుంటే తలనిండా చుండ్రులా రాలిందని తిట్టుకునేవాళ్లలో నూటికి తొంభై మంది ఎగ్గొట్టింది ఈ పిండే పనినే.

పిండిన జిగురులో 2 స్పూన్ల పెరుగు కలిపి, పొడి జుట్టుకి కాకుండా తడిపి పిండిన జుట్టుకి పాయలు పాయలుగా రాయాలి. అరగంట చాలు. అసలు చిక్కు ఇక్కడే ఉంది: ఇది ఆరితే గంజి పెట్టిన బట్టలా బిర్రబిగుస్తుంది. ఆ బిగుసుకున్న దాన్ని లాగితే ప్యాక్ కాపాడాల్సిన వెంట్రుకే తెగుతుంది. ఫ్యాన్ కింద కూర్చోకుండా షవర్ క్యాప్ పెట్టుకోండి. కడిగేటప్పుడు షాంపూ వెంటనే పెట్టకుండా వట్టి నీళ్లతో మూడు నాలుగు నిమిషాలు వేళ్లతో విడదీయండి. వాసన మాత్రం రెండు రోజులు పోదు, చెమట పడితే మళ్లీ లేస్తుంది. ఆఫీసుకెళ్లే వారం వద్దు, శనివారం చూసుకోండి. పల్లీలు, శనగలు పడనివాళ్లకి మెంతులు కూడా పడకపోవచ్చు, అవీ ఆ పప్పుజాతివే. మోచేయి లోపలివైపు కాస్త రాసి ఒక రోజు చూడండి.

రింగుల జుట్టుకి అవిసె గింజల జెల్. 2 టేబుల్ స్పూన్ల గింజలు, 2 కప్పుల నీళ్లు, మధ్యస్థం మంట. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. ఏడెనిమిది నిమిషాలకి పైన తెల్లటి నురగ కడుతుంది. గరిటె ఎత్తితే చుక్కలుగా కాక తీగలా జారిందంటే వెంటనే దించేయాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే బంక అవుతుంది, ఇక గింజల్ని వదలదు. వడకట్టడం వేడి మీదే. చల్లారాక చేద్దాంలే అనుకుంటే గింజా జిగురూ ఒకే ముద్దై గిన్నె మొత్తం సింకు పాలు. పాత నైలాన్ సాక్స్ శుభ్రంగా ఉతికి పెట్టుకుంటే దీనికి అంతకంటే మంచి వడకట్టు లేదు.

ప్యాక్‌గా వాడేటప్పుడు అర కప్పు జెల్‌కి ఒక టీ స్పూన్ కొబ్బరి నూనె కలిపి అరగంట. రింగులు విడివిడిగా, మెత్తగా కూర్చుంటాయి. సన్నటి జుట్టుకి ఇదే చిక్కదనంతో పెడితే నెత్తికి అంటుకుపోయి, ఉన్న జుట్టు సగమైనట్టు కనిపిస్తుంది. వాళ్లు నీళ్లు రెట్టింపు పోసుకోవాలి, నూనె మానేయాలి. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టిస్తే వారానికి రెండు ముక్కలు తీసుకోవచ్చు. పుల్ల వాసన వచ్చిందంటే మొహమాటం లేకుండా పారబోయండి.

సన్నటి జిడ్డు జుట్టువాళ్లకి ఇంట్లో అందరూ చెప్పే నూనె, పెరుగు, గుడ్డు ఏవీ పనికిరావు. మందారాకు బాగుంటుంది. లేత ఆకులు 15 నుంచి 20, అర కప్పు నీళ్లు. మిక్సీ అక్కర్లేదు, గిన్నెలో చేత్తోనే పిసికితే ఆకుపచ్చ జిగురు దిగుతుంది. వడగట్టి మాడుకీ జుట్టుకీ పట్టించి పావుగంటకి కడిగేయాలి. జిడ్డు కొంత తనే తీసేస్తుంది, షాంపూ సగం చాలు. పువ్వులు కలపొద్దు. లాభం ఏమీ కనిపించలేదు, తువాళ్లకి ఊదా మరకలు మిగిలాయి. రెండు వారాలకొకసారి మించితే ఈ జుట్టు మళ్లీ బరువెక్కుతుంది.

రంగు వేసిన, వేడి పెట్టిన జుట్టుకి తలంటుకు ముందు కొబ్బరి నూనె. దీని గురించి మన నానమ్మల మాటకి 2003లో వచ్చిన ఒక పరిశోధన తోడైంది: మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె కడుగుడులో పోయే ప్రొటీన్‌ని బాగా తగ్గించింది. అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది, అందుకే పోగు లోపలికి దూరగలదు. చివర్లకి ఒకటి రెండు టీ స్పూన్లు, గంటసేపు, అంతే. నెత్తిన కారేలా పోస్తే దాన్ని వదిలించడానికి రెండుసార్లు షాంపూ కొట్టాలి, దాంతో వచ్చిన లాభం పోతుంది.

చుండ్రు ఉన్నవాళ్లు మాడుకి రాత్రంతా నూనె పెట్టడం మానండి. చుండ్రుకి కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్ కొవ్వు తిని బతుకుతుంది. పుల్ల పెరుగు పావుగంట పెడితే పొట్టు మెత్తబడి రాలుతుంది కానీ ఫంగస్ చావదు. దానికి మెడికల్ షాపులో దొరికే కీటోకోనజోల్ లాంటి ఫంగస్ మందున్న షాంపూయే దిక్కు, ఏ ప్యాకూ దానికి బదులు కాదు.

వదిలేసినవి గబగబా చెప్పేస్తా. గుడ్డులోని ప్రొటీన్ అణువులు పెద్దవి, పోగులోకి పోవు, పచ్చసొనలోని కొవ్వు వల్లే కాస్త మెత్తదనం. గీజర్ వేడినీళ్లు తగిలితే తల మీదే పొరటు అవుతుంది, దువ్వెనతో ఏరుకోవాలి. అరటిపండు ఎంత మెత్తగా కొట్టినా నారలు ఎండి అతుక్కుంటాయి. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే నుదుటి అంచున, మెడ మీద చర్మం కాలి మచ్చలు పడొచ్చు. వంటసోడా క్షారం, వెంట్రుక పొలుసుల్ని లేపి గరుకు చేస్తుంది. ఉల్లిరసానికి వాసన, మంట రెండూ మెంతికి పదింతలు. గోరింటాకుని ప్యాక్ అనడమే పొరపాటు, అది రంగు. రింగుల జుట్టుని బిరుసు చేస్తుంది. ‘నల్ల హెన్నా’ అని అమ్మే పొడుల్లో చాలావాటిలో పీపీడీ అనే, కొందరికి ఎలర్జీ తెప్పించే రంగు రసాయనం ఉంటుంది, ప్యాకెట్ వెనక చదవకుండా తలకు పెట్టొద్దు.

కడగడానికి కుంకుడుకాయలైతే ఎనిమిది పది, గింజలు తీసి, వేడినీళ్లలో అరగంట నానేసి పిసకండి. బోరు నీళ్లలో సబ్బు తెట్టు కట్టినట్టు కుంకుడు రసం తెట్టు కట్టదు. కానీ ఆ నీళ్లలోని సున్నం జుట్టు మీద మిగిలి గరగరలాడిస్తుంది, అందుకని ఆఖరి రెండు చెంబులు మంచినీళ్లు పోసుకుంటే తేడా తెలుస్తుంది. కళ్లలో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గుడ్డలో మిగిలిన మెంతి పిప్పి, పిసికిన మందారాకు బాత్రూమ్ జాలీలో పోయకండి. నాని ఉబ్బి, జుట్టుతో కలిసి తాడులా పేనుకుంటుంది, ఆ పైపు విప్పించడానికి ఇచ్చే డబ్బుతో ఏడాదికి సరిపడా మెంతులు వస్తాయి. కరివేపాకు కుండీలో మట్టి కిందకి తోసేయండి, పైన వదిలితే బూజు పడుతుంది.