యూట్యూబ్ రాబడికి ఎస్‌బీఐ సేవింగ్స్ ప్లస్: చెరువుగా సరే, కుళాయిగా వద్దు

ఎస్‌బీఐ సేవింగ్స్ ప్లస్ లాంటి ఆటో స్వీప్ ఖాతా (మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారేది) గురించి అడిగితే బ్యాంకు కౌంటర్‌లో వినిపించే మాట ఒకటే: సేవింగ్స్‌లా వాడుకోండి, ఎఫ్‌డీ వడ్డీ తీసుకోండి. ఒకటో తారీఖు జీతం పడేవాళ్లకి అది కొంతవరకు నిజం. ఒక నెల లక్షా ఇరవై, మరుసటి నెల ముప్పై ఐదు వేలు వచ్చే యూట్యూబర్‌కి మాత్రం లెక్క మారిపోతుంది.

ముందు ఖాతా ఎలా నడుస్తుందో చూద్దాం. మామూలు సేవింగ్స్‌కి మల్టీ ఆప్షన్ డిపాజిట్, అంటే ఎంఓడీ, తగిలించి ఉంటుంది. పరిమితి దాటిన డబ్బు ఒక్కోసారి కనీసం 10,000, ఆపైన వేల లెక్కన డిపాజిట్‌గా మారుతుంది. ఆ పరిమితి చాలాకాలం 35,000 ఉండేది, 2025లో 50,000కి పెంచారు. గడువు 1 నుంచి 5 ఏళ్లు. ఖాతాలో డబ్బు చాలనప్పుడు ఎంత తక్కువైందో అంతే వెనక్కి వస్తుంది, మిగతాది పాత రేటుతోనే కొనసాగుతుంది. ముప్పై వేల అవసరానికి మూడు లక్షల ఎఫ్‌డీ మొత్తం రద్దు చేసుకోవాల్సిన పని లేదు. ఈ ఖాతాకున్న అసలు బలం ఇదే.

చిక్కు ఆ వెనక్కి వచ్చిన ముక్క దగ్గరే ఉంది. దానికి ఏడాది రేటు ఇవ్వరు. ఎన్ని రోజులు ఉందో అన్ని రోజులకు వర్తించే రేటు చూసి, అందులో మళ్లీ 0.50% కోస్తారు (5 లక్షల వరకు డిపాజిట్లకు). ఏడు రోజులు నిండకపోతే వడ్డీ సున్నా. 2025 రెండో సగంలోని రేట్లతో వేసి చూడండి. 7 నుంచి 45 రోజులకు 3.05%, కోత పోతే 2.55%. సేవింగ్స్ వడ్డీ 2.50%. లక్ష రూపాయలు 40 రోజులు ఎంఓడీలో ఉండి బయటికొస్తే సేవింగ్స్ కంటే అదనంగా మిగిలేది అయిదున్నర రూపాయలు. చాయ్ కూడా రాదు. అదే లక్ష 180 రోజులు కదలకుండా ఉంటే 5.65%లో కోత పోను 5.15%, అంటే సుమారు 1,300 రూపాయలు ఎక్కువ. నెలన్నరలోపు ఖర్చయ్యే డబ్బుకి ఈ ఖాతా వల్ల ఒరిగేదేమీ లేదు.

యూట్యూబ్ ప్రకటనల డబ్బు పంపే గూగుల్ సేవ యాడ్‌సెన్స్ తారీఖులతో కలిపి చూస్తే ఇది ఇంకా సూటిగా తగులుతుంది. పోయిన నెలాఖరుకి పేరుకున్న సంపాదన 100 డాలర్లకు చేరి ఉంటే ఈ నెల 21-26 మధ్య పంపుతారు. 26న డిపాజిట్‌గా మారిన డబ్బు ఒకటో తారీఖు అద్దెకి బయటికొస్తే ఏడు రోజులు నిండవు. సేవింగ్స్‌లోనే ఉంటే వచ్చే ఆ కాస్త వడ్డీ కూడా పోతుంది.

కాబట్టి దీన్ని ఇంటి ఖర్చుల ఖాతాగా పెట్టుకోకూడదు. యాడ్‌సెన్స్, బ్రాండ్ డబ్బులు పడే చెరువులా ఉంచి, తూము ఒక్కటే తెరవాలి. ఇంకో మామూలు సేవింగ్స్ ఖాతాకి నెలకోసారి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (డబ్బు దానంతటదే వెళ్లేలా బ్యాంకుకిచ్చే ఆదేశం), అదే మీ జీతం. ఫోన్‌పే, గూగుల్‌పే, ఈఎంఐలు అన్నీ ఆ రెండో ఖాతాకే. సేవింగ్స్ ప్లస్‌కి యూపీఐ అసలు కలపొద్దు. జీతం ఎంత పెట్టుకోవాలంటే, గత పన్నెండు నెలల రాబడి రాసి, తక్కువ వచ్చిన ఆరు నెలల సగటు తీయండి. పన్నెండు నెలల సగటు తీస్తే ఒక్క వైరల్ వీడియో లెక్కంతా పైకి లాగేస్తుంది, వేసవి దాటకముందే చెరువు ఎండుతుంది.

తూము తారీఖు 28గా పెట్టండి. అప్పటికి చాలాసార్లు యాడ్‌సెన్స్ పడి ఉంటుంది. బ్రాండ్ డబ్బుల్ని ఈ లెక్కలో కలపకపోవడమే మంచిది. బిల్లు పెట్టాక అరవై, తొంభై రోజులకి, అదీ టీడీఎస్ (ముందే కోసే పన్ను) 10% పోను వస్తాయి.

అడుగున నిలవాల్సిన నీరు పన్నుది. అక్టోబర్-డిసెంబర్‌లో ప్రకటనల రేట్లు పెరిగి, జనవరిలో పడిపోతాయి. డిసెంబర్ డబ్బు చేతికొచ్చేసరికి సంక్రాంతి ఖర్చు అయిపోయి ఉంటుంది, జనవరి నీరసం ఫిబ్రవరి ఆఖరులో తెలుస్తుంది. సరిగ్గా ఆ వెనకే మార్చి 15. రాబడిలో సగం లాభంగా చూపించే పద్ధతి, అదే అందరికీ 44ఏడీఏగా తెలిసినది, ఎంచుకున్నవాళ్లు ముందస్తు పన్ను మొత్తం ఆ రోజుకే కట్టాలి. ఏప్రిల్ నుంచి ప్రతి రాబడిలో పన్ను వాటా ఎంఓడీలో కదలకుండా ఉంటే, అందులో సెప్టెంబర్ మధ్యలోపు పడ్డదానికి ఆరు నెలల రేటు దక్కుతుంది. ఈ ఖాతా నిజంగా సంపాదించిపెట్టేది ఇక్కడే.

ఇందుకే డిపాజిట్లు తీసే వరుస కూడా చూసుకోవాలి. మామూలుగా చివర పడ్డదే ముందు తీస్తారు, దాన్ని లిఫో అంటారు. దాన్ని మార్చొద్దు. మొదట పడ్డది ముందు తీసే ఫిఫో పెడితే ఎనిమిది నెలలు నిండిన డిపాజిట్ చిన్న అవసరానికి విరుగుతుంది.

చికాకు పెట్టేది స్టేట్‌మెంట్. డబ్బు డిపాజిట్‌లోకి వెళ్లినా తిరిగొచ్చినా ఒక్కో లైను. వెనక్కి వచ్చిన 30,000 కూడా జమ వరుసలోనే కనిపిస్తుంది. ఆడిటర్ దగ్గర కుర్రాడు జమలన్నీ కూడేస్తే మీ రాబడి ఉన్నదానికంటే లక్షల్లో పెరుగుతుంది. ఎక్సెల్‌లో స్వీప్ లైన్లు విడిగా గుర్తు పెట్టి ఇవ్వండి. ఎంఓడీ వడ్డీ మామూలు ఎఫ్‌డీ వడ్డీ కిందే లెక్క. ఏడాదికి 50,000 దాటితే టీడీఎస్ పడుతుంది, పాత పన్ను విధానంలో సేవింగ్స్ వడ్డీకున్న మినహాయింపు దీనికి లేదు. డిపాజిట్ బీమా 5 లక్షలు ఖాతాకీ ఎంఓడీకీ కలిపి ఒక్కటే.

విదేశీ వైర్, అంటే విదేశాల నుంచి నేరుగా ఖాతాకి వచ్చే బదిలీ, విషయంలో ఒక జాగ్రత్త. ఎస్‌బీఐలో ప్రతి బ్రాంచికీ స్విఫ్ట్ కోడ్ (అలాంటి బదిలీకి కావాల్సిన బ్యాంకు గుర్తింపు) ఉండదు. యాడ్‌సెన్స్‌లో వివరాలు నింపేముందు మీ బ్రాంచి ఏ ఫారెక్స్ బ్రాంచి కోడ్ వాడుతుందో అడగండి, లేకపోతే డబ్బు తిరిగిపోవచ్చు. చానెల్‌ని సంస్థ పేరుతో నడిపేవాళ్లకి సేవింగ్స్ ప్లస్ కుదరదు, వాళ్లకి కరెంట్ ఖాతాయే.

రెండు నెలల్లో వాడే డబ్బుకి లిక్విడ్ ఫండ్ (తక్కువ గడువు అప్పుపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) మేలు. ఏడో రోజు నుంచి ఎగ్జిట్ లోడ్ (డబ్బు తీసేటప్పుడు కోసే రుసుము) లేదు, ఇన్‌స్టంట్ సౌకర్యమున్న పథకాల్లో రోజుకి 50,000 వరకు వెంటనే తీయొచ్చు, రాబడికి మాత్రం హామీ లేదు. పన్ను డబ్బుకీ ఆరు నెలల ఇంటిఖర్చు నిల్వకీ సేవింగ్స్ ప్లస్‌కి అయిదులో నాలుగు ఇస్తాం. రోజూ స్కాన్ చేసే ఖాతాగా అయితే ఒకటిన్నర.