పలికే పెన్నుతో ఫ్రెంచ్: ఒక ఏడాది క్లాసులో వాడాక

ప్రైమరీ పిల్లలకి ఫ్రెంచ్ చెప్తాను. మా రెండో తరగతిలో 24 మంది. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 30 నిమిషాలు. పోయిన విద్యా సంవత్సరం మొదట్లో ఈ క్లాసు కోసం ఒక కిట్ తెప్పించుకున్నాం. పెట్టెలో 120 బొమ్మల కార్డులు, ఒక పెద్ద బొమ్మల పుస్తకం, టీచరుకి ఒక గైడు, ఒక పలికే పెన్ను ఉన్నాయి. పెన్ను మొన బొమ్మ మీద ఆనిస్తే ఆ మాట ఫ్రెంచ్‌లో వినిపిస్తుంది. ఇలాంటి కిట్లు ఇప్పుడు చాలా కంపెనీలు తెస్తున్నాయి, అన్నీ ఇంచుమించు ఇదే తీరు. అందుకే కంపెనీ పేరు పక్కన పెట్టి, పిల్లలకి ఏది పనికొచ్చిందో, ఏది అడ్డం పడిందో రాస్తున్నాను. కొనాలనుకునే తల్లిదండ్రులకీ, నాలాంటి టీచర్లకీ ఉపయోగపడుతుంది.

ముందు బాగున్న సంగతి. ఈ కిట్ చెవికి పెద్దపీట వేసింది. గొంతులు నాలుగు: ఒక ఆవిడ, ఒకాయన, ఇద్దరు పిల్లలు. సాగదీసి, ముక్కలు ముక్కలుగా కాకుండా మామూలు వేగంతో మాట్లాడతారు.

ఫ్రెంచ్‌లో మనకి లేని అచ్చు ఒకటుంది. నోట్లో 'ఈ' పలుకుతూ, నాలుక కదపకుండా పెదాలు మాత్రం 'ఊ'కి చుట్టినట్టు చుట్టాలి. అప్పుడొచ్చేదే ఆ ధ్వని. మన పిల్లలు మొదట్లో దాన్ని 'ఊ' అనో 'యూ' అనో వింటారు. చెవికి తెలియని తేడాని నోటితో పలకమంటే ఎలా పలుకుతారు? కిట్‌లో దీని కోసం ఒక కార్డుంది. ఒక పక్క పెట్టె మీద పిల్లి, ఇంకో పక్క పెట్టె కింద పిల్లి. దెస్యూ అంటే పైన, దెసూ అంటే కింద. (నేను 'యూ' అని రాసింది ఆ అచ్చు కోసమే, నిజంగా అందులో 'య' లేదు.) రెండు మాటలకీ తేడా ఆ ఒక్క అచ్చే. 120 కార్డుల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

నేను దాన్ని ఆటగా మార్చాను. ఒక ఖాళీ అట్టపెట్టె, ఒక బంతి. పెన్ను పలకగానే బంతి పైన పెట్టాలా, కింద పెట్టాలా అన్నది పిల్లలే తేల్చుకోవాలి. మొదటి వారమంతా ఊహ మీదే నడిచింది. నాలుగో వారానికి ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ సరిగ్గా పెట్టారు. అప్పటిదాకా ఎవరినీ పలకమని అడగలేదు. ఒకరోజు ఇంటర్వెల్‌లో ఒక పాప పెన్నూ, ఆ కార్డూ, చిన్న అద్దమూ అడిగి పట్టుకెళ్ళింది. కిటికీ దగ్గర కూర్చుని పెన్ను మొన కార్డు మీద నొక్కి పట్టింది. ముందు సన్నగా టిక్ మని ఒక చప్పుడు, అరసెకను ఆగి మాట. వెంటనే అద్దానికి మూతి దగ్గరగా పెట్టి పెదాలు చుట్టి పలికేది. అద్దం మీద ఆవిరి పడితే మోచేత్తో తుడిచి మళ్ళీ నొక్కేది. బెల్ కొట్టేదాకా అదే పని. ఒక టీచరు ఒక మాటని అన్నిసార్లు ఒకే ఓపికతో పలకలేరు. పెన్ను పలుకుతుంది. ఆ ఒక్కదానికే ఈ కిట్‌కి నేను ఎంతో రుణపడ్డాను.

ముక్కుతో పలికే అచ్చులు కూడా బాగా వినిపిస్తాయి. బేఁ, బాఁ, బోఁ అని మూడు కార్డులు పక్కపక్కన ఉంటాయి: స్నానం, బెంచీ, మంచి. చివర 'న్' లేదు, నాలుక పైకి తగలదు. నా నోట్సులో వీటికి పాత తెలుగు పుస్తకాల్లో ఉండే అరసున్న వాడుకుంటాను. పిల్లలకి కూడా ఆ గుర్తు నేర్పాను, చక్కగా పట్టుకున్నారు.

ఇక గైడు. ఇది ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. తెలుగు పిల్లలకి చెప్పేవాళ్ళు ఇందులో సగం పేజీలు తిప్పేయొచ్చు. 'త' ఎలా పలకాలో రెండు పేజీలు రాశారు. మన తలలో, తాతలో ఉన్న 'త'యే అది. తాబ్ల్ అనాల్సిన చోట ఎవరైనా ఇంగ్లీషు అలవాటుతో టాబ్ల్ అంటే, "తల లాగా అను" అంటే చాలు. త్యూ, వూ అనే రెండు మాటల మధ్య తేడా మీద మూడు పేజీలు. నువ్వు, మీరు అని చెప్పాను, ఒక్క నిమిషంలో అయిపోయింది. "మరి మిమ్మల్ని వూ అనాలి కదా" అని వాళ్ళే అన్నారు. వయసు చెప్పడం కూడా అంతే. ఫ్రెంచ్‌లో 'నేను ఏడు' అనరు, 'నాకు ఏడేళ్ళు ఉన్నాయి' అంటారు. జె సెతాఁ. ఇంగ్లీషు మీదుగా వెళ్తే పిల్లలు వాక్యం తప్పుగా కడతారు, తెలుగు మీదుగా వెళ్తే నేరుగా వచ్చేస్తుంది. వారాల పేర్లు చెప్పేటప్పుడు నాకు చాలా సంతోషమేసింది. లఁదిలో చంద్రుడు, మార్దిలో కుజుడు, మెర్క్రదిలో బుధుడు, జదిలో గురువు, వాఁద్రదిలో శుక్రుడు. మన సోమ, మంగళ, బుధ, గురు, శుక్రవారాలే. శని, ఆదివారాల దగ్గరే దారి మారుతుంది. గైడులో ఈ మాట ఎక్కడా లేదు, మన పిల్లలకి చెప్పేవాళ్ళు తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు లోపాలు. రెండు చాలా పెద్దవి.

మొదటిది, ప్రతి కార్డు మీదా బొమ్మ పైన మాట పెద్ద అక్షరాలతో అచ్చేశారు. పిల్లి కార్డు చూడగానే పిల్లలు అప్పటికే వచ్చిన ఇంగ్లీషుతో "చాట్" అని చదివేశారు. అది షా. చివరి అక్షరం పలకరు, మొదటి రెండక్షరాలు కలిపి 'ష'. చెవిలో మాట కుదురుకోకముందే కంటికి అక్షరం పడితే కన్నే గెలుస్తుంది. పెన్ను 'షా' అంటున్నా పిల్లలు 'చాట్' అనే అన్నారు. రెండు సాయంత్రాలు కూర్చుని 120 కార్డులకీ మాట మీద కాగితం రెక్కలు అతికించాను, కావాలంటే పైకెత్తి చూసేలా. రెండో టర్మ్ వచ్చేదాకా ఆ రెక్కలు ఎత్తనివ్వలేదు. ఈ కాగితం పని చేశాకే కిట్ నిజంగా పనిచేసింది.

రెండోది ఇంకా పెద్దది. కార్డు మీదా, పెన్నులోనూ మాట ఒంటరిగా ఉంది, ముందు ఆర్టికల్ (ఇంగ్లీషు 'ద' లాంటి చిన్న మాట) లేదు. ఫ్రెంచ్‌లో కుర్చీ స్త్రీలింగం, పెన్సిల్ పుంలింగం. లా షేజ్, ల క్రెయోఁ. తెలుగులో వస్తువేదైనా 'అది' అనేస్తాం కాబట్టి ఆనుకోవడానికి మన దగ్గర ఏమీ లేదు. ఒకటే దారి. లా షేజ్ అన్నది మొత్తం ఒకే మాట అన్నట్టు మొదటి రోజు నుంచీ నోట్లో పడాలి. షేజ్ అని విడిగా నేర్చుకున్న పిల్లలు రెండేళ్ళ తర్వాత కూడా ల, లా మధ్య తడుముకోవడం నా పాత క్లాసుల్లో చూశాను. పిల్లల కిట్ తయారుచేసేవాళ్ళు ఈ ఒక్క విషయం మర్చిపోవడం నాకు నిజంగా బాధగా అనిపించింది.

కార్డుల మూలల్లో ల అయితే నీలం, లా అయితే ఎరుపు చుక్క అంటించాను. అచ్చుతో మొదలయ్యే మాటల దగ్గర ఇది చాలదు. అక్కడ ల అయినా లా అయినా కుంచించుకుపోయి ఒకేలా వినిపిస్తాయి: లెకోల్, లార్బ్ర్. బడి ఏ లింగమో, చెట్టు ఏ లింగమో చెవికి తెలియదు. వాటికి యూన్ ఎకోల్, అఁ నార్బ్ర్ అనే నేర్పాను. రెండూ 'ఒక' అనే మాటలే, యూన్ స్త్రీలింగానికి, అఁ పుంలింగానికి. ఆ 'న' చూశారా, కలిసినప్పుడే బయటికొస్తుంది. 'పిల్లలు' అనే మాట దగ్గర లె జాఁఫాఁ అని 'జ' వస్తుంది. మనం 'వాడు ఎక్కడ'ని వాడెక్కడ అన్నట్టు వాళ్ళూ మాటలు కలిపేస్తారు. మాటలు విడివిడిగా పలికే పెన్ను దీన్ని వినిపించలేదు. పుస్తకం చివరి 14 పేజీల్లో వాక్యాలున్నాయి, అక్కడ మాత్రం చాలా బాగా వినిపిస్తుంది. ఆ పేజీలు ముందుండాల్సింది.

అంకెల పేజీ తొందరపడి పెట్టారు. మూడో వారానికే 1 నుంచి 100. ఫ్రెంచ్‌లో 70 అంటే అరవై పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 97 అంటే నాలుగు ఇరవైలు పది ఏడు. ఏడేళ్ళ పిల్లలకి అది భాష కాదు, లెక్క. నేను 20 దగ్గర ఆపేశాను. ఏడాది చివర్లో పూసలు ఇరవయ్యేసి గుత్తులుగా కట్టి 80 చూపిస్తే సులువుగా ఎక్కింది. బెల్జియం, స్విట్జర్లాండ్‌లో 70కి సెప్తాఁత్, 90కి నొనాఁత్ అంటారని చెప్తే ఒక అబ్బాయి అక్కడికే వెళ్ళి చదువుకుంటానన్నాడు.

పెట్టె మీద డెల్ఫ్ ప్రీమ్ ఏ1.1 పరీక్షకి (చిన్న పిల్లల ఫ్రెంచ్ పరీక్షల్లో మొదటి మెట్టు) సిద్ధం చేస్తుందని రాశారు. దీన్ని నమ్మి కొనకండి. ఆ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగూ ఉంటాయి. పెన్ను పలుకుతుంది గానీ పిల్లలు చెప్పేది వినదు. మాట్లాడించడానికి మనిషే కావాలి.

24 మందికి ఒక్క పెన్ను చాలదు. ఆరుగురేసి గుంపులు చేసి తిప్పాల్సొచ్చింది. ఒక పేజీలో బుధవారం నొక్కితే మంగళవారం పలికింది. కంపెనీకి రాస్తే 11 రోజులకి సరిచేసిన ఫైలు పంపారు. ఇంట్లో ఒకరిద్దరు పిల్లలకైతే ఈ ఇబ్బందులు పెద్దగా ఉండవు. రోజూ పది నిమిషాలు పక్కన కూర్చునే పెద్దవాళ్ళుంటే ధైర్యంగా కొనొచ్చు. పిల్లల చేతికిచ్చి వదిలేద్దాం అనుకుంటే మాత్రం వద్దు.

అన్నట్టు, పెట్టె అడుగున 30 ఖాళీ స్టిక్కర్లు ఉంటాయి. పెన్నుతో వాటిలోకి మన గొంతు రికార్డు చేసుకోవచ్చు. గైడులో వీటి గురించి ఒక్క లైనే ఉంది, నేను కూడా ఆలస్యంగా చూశాను. పోయిన మార్చిలో ఒక్కో పిల్లకీ ఒక్కో స్టిక్కరు ఇచ్చి, మాటని ఆర్టికల్‌తో కలిపి పలికించాను. అద్దం పాపకి చెట్టు వచ్చింది. మూడుసార్లు చెరిపి నాలుగోసారి ఒప్పుకుంది. ఈ ఏడాది రెండో తరగతికి కిట్ మళ్ళీ తీశాం. చెట్టు కార్డు మీద పెన్ను పెడితే ఇప్పుడు ఆ పాప గొంతే అఁ నార్బ్ర్ అంటుంది.