పిల్లల చేతిలో ఫోన్ లేకుండానే క్విజ్: ప్లికర్స్ వాడాక నా మాట

జడ్పీ హైస్కూల్లో పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతాను. తరగతిలో క్విజ్ పెట్టే యాప్‌లు బోలెడున్నాయి గానీ, చాలావాటికి పిల్లాడికో ఫోనో ట్యాబో ఉండాలి. మా పిల్లల ఇళ్లలో ఉండేది ఒక్క ఫోను, అదీ పొద్దున్నే నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది. ప్లికర్స్ అనే క్విజ్ యాప్‌కి టీచరు ఫోను ఒక్కటి చాలు. పిల్లల చేతుల్లో ఉండేవి కాగితం కార్డులే. వాటిని వాళ్ల సైట్ నుంచి ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు.

ఒక్కో కార్డు మీద నల్లటి గళ్ల బొమ్మ, నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ అని సన్నటి అక్షరాలు. తన జవాబు ఉన్న వైపు పైకి వచ్చేలా కార్డు పట్టుకోవాలి. నేను కెమెరాను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే ఎవరు ఏం పెట్టారో ఫోన్లో వచ్చేస్తుంది. ఏ రెండు కార్డుల బొమ్మా ఒకటి కాదు, కాబట్టి పక్కవాడిని చూసి కొట్టడం అంత తేలిక కాదు.

"అర్థమైందా?" అంటే "అయింది సార్" అని ముందు బెంచీలు అరుస్తాయి, మనమూ నమ్మేసి ముందుకెళ్తాం. విద్యుత్ పాఠం అయ్యాక బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను: ఒకేలాంటి రెండు బల్బులను శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? బ్యాటరీ ధన ధ్రువానికి దగ్గరున్నదా, దూరంగా ఉన్నదా, రెండూ సమానమా, రెండూ వెలగవా? సగానికి పైగా కార్డులు 'ఏ' చూపించాయి. మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తే మిగిలిందే రెండోదానికి అందుతుందని వాళ్ల నమ్మకం. ఓమ్ నియమం లెక్కలు గడగడా చేసేవాళ్లూ అందులో ఉన్నారు. చేయెత్తమంటే జన్మలో ఎత్తని చివరి బెంచీ అమ్మాయి కార్డు మాత్రం 'సీ' మీద ఉంది.

జవాబు చెప్పకుండా ఫెట్ (PhET) వాళ్ల సర్క్యూట్ సిమ్యులేషన్, అంటే తెరమీదే చేసే ప్రయోగం, తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ మీద తెరిచాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఇదీ ఉచితమే, ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఒక కుర్రాడిని పిలిచి బల్బుకు ముందొక అమ్మీటరు (కరెంటు కొలిచేది), తర్వాతొకటి పెట్టించాను. రెండింట్లో ఒకటే రీడింగ్. "తగ్గలేదేంటి సార్?" అన్నాడు, వాడు 'ఏ' పెట్టినవాడే. ఆ వెంటనే ఎవరో బ్యాటరీ రెండు కొనలనూ ఒక్క వైరుతో కలిపితే తెరమీద మంటలు లేచాయి. ఇక ఆ గోల ఆపడం నా వల్ల కాలేదు.

తర్వాత పక్కవాళ్లతో కాసేపు వాదించుకోమని, అదే ప్రశ్నకు మళ్లీ కార్డులు ఎత్తించాను. ఈ పద్ధతిని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చారు. ఈసారి 'సీ'లే ఎక్కువ. 'ఏ' వదలని మొండివాళ్లు కొందరు మిగిలారు, వాళ్లకి నిజం బల్బులు, సెల్లులు ఇచ్చి కూర్చోబెట్టాను. అది ఎలాగూ చేయించాల్సిందే. సిమ్యులేషన్లో వైరు వదులవదు, హోల్డరుకు తుప్పు పట్టదు. నిజం సర్క్యూట్ ఎందుకు వెలగడం లేదో వెతుక్కోవడమూ సైన్సే కదా.

ప్లికర్స్‌తో ఎవరు ఏం అనుకుంటున్నారో తెలుస్తుంది గానీ ఎందుకు అనుకుంటున్నారో తెలియదు, అది మనం అడిగి రాబట్టాలి. నిర్వచనాలకు పనికొస్తుంది, డెరివేషన్లకు పనికిరాదు. పేర్ల పక్కన తప్పొప్పులు పడే తెర నా ఫోన్లోనే ఉంచుతాను, పిల్లలకు చూపించను. చూపిస్తే ఆ చివరి బెంచీ మళ్లీ ముడుచుకుపోతుంది.

కార్డులకు మెరిసే లామినేషన్ వద్దు. కిటికీ వెలుతురు పడితే కెమెరా చదవలేదు. చార్టు అట్టకు అంటిస్తే చాలు. వెనక రోల్ నంబరు రాసి, పీరియడ్ అయ్యాక లీడర్‌తో వెనక్కి తీసుకోండి.

నా మార్కు ఐదుకు నాలుగు. పీరియడ్‌కి ఒకటి రెండు ప్రశ్నలు మించొద్దు. అంతకన్నా ఎక్కువైతే పిల్లలు ప్రశ్న చదవడం మానేసి లాటరీ వేసినట్టు కార్డు ఎత్తేస్తారు.