డైసల్ఫిరామ్: తెలిసి మింగితేనే మందు

మందు మాన్పించే మాత్ర కావాలని ఇంట్లోవాళ్ళు అడిగితే ముందు వినిపించే పేరు డైసల్ఫిరామ్. మామూలు మోతాదు 250 మి.గ్రా., రోజుకు ఒకటి. మద్యం మీద దీని ప్రభావాన్ని 1948లో డెన్మార్క్ పరిశోధకులు ప్రకటించారు. ఇన్నేళ్ళయినా దీనికి పని ఉంది. కాకపోతే ఆ పని ఏమిటో తెలియకుండా కొంటే నష్టమే ఎక్కువ.

ఇది తాగాలన్న కోరికను చంపదు. మద్యం ఒంట్లోకి వెళ్ళాక ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, దాన్ని విరిచేసే ఎంజైమును ఈ మాత్ర అడ్డుకుంటుంది. ఆపైన కొంచెం తాగినా పది నుంచి ముప్పై నిమిషాల్లో ముఖం కందిపోతుంది, తలనొప్పి, గుండెదడ, వాంతులు మొదలవుతాయి, బీపీ పడిపోతుంది. ఆ భయమే ఇక్కడ వైద్యం. ఎవరికి అసలు మాత్ర ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో తెలియనివ్వకుండా జరిపిన పరీక్షల్లో తేడా పెద్దగా కనబడలేదు. తెలిసి వేసుకున్నచోట ఫలితం కనబడింది.

అందుకే కూరలోనో కాఫీలోనో రహస్యంగా కలిపి పెట్టడం ఎంతమాత్రం కూడదు. సంగతి తెలియని మనిషి ఎప్పటిలాగే తాగుతాడు, ప్రాణం మీదికి వస్తుంది. బతికి బయటపడ్డా ఇంట్లోవాళ్ళ చేతి అన్నం నమ్మడు.

మొదలుపెట్టాలంటే చివరిసారి తాగి కనీసం 12 గంటలు దాటాలి. రోజూ విపరీతంగా తాగేవారు మాత్రం ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, రెండు మూడు రోజులకు చేతులు వణుకుతూ, లేనివి కనబడుతూ మతి తప్పవచ్చు. దీనికి ఈ మాత్ర పనికిరాదు. ఆ దశను డాక్టర్ల దగ్గరే, బి1 విటమిన్ అయిన థయమిన్‌తో సహా, దాటించాలి.

లివర్ పరీక్ష ముందొకసారి, రెండు వారాలకు మరోసారి. కళ్ళు పచ్చబడితే మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవాలి. తీవ్రమైన గుండెజబ్బు, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు) ఉన్నవారికి ఇది వద్దు. యాంటీబయాటిక్ అయిన మెట్రోనిడజోల్‌తో కలవకూడదు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లు, మౌత్‌వాష్‌లు కూడా ప్రమాదమే, సీసా మీద చదివి కొనండి. మాత్ర మానేసిన 14 రోజుల వరకూ దాని ప్రభావం ఉండవచ్చు.

ఎక్కువగా బెడిసేది ఒకచోటే: తాగాలనిపించినవాళ్ళు ముందు మాత్ర మానేస్తారు. ఒప్పందం ప్రకారం పొద్దున్నే ఒకరి ఎదుట వేసుకునేవారికి ఇది బాగా కుదురుతుంది, ఒంటరిగా ఉండేవారికి అంతగా కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2019లో సుమారు 40 కోట్ల మందికి మద్యం సమస్య ఉంది, వారిలో 20.9 కోట్ల మంది దానికి బానిసలు. తాగుడుకు కారణం ఒకరికి వంశపారంపర్యం, ఒకరికి ఆందోళన, ఇంకొకరికి నిద్రలేమి. అందరికీ భయం ఒక్కటే పనిచేయదు. తాగితే వచ్చే హుషారు తగ్గాలంటే నాల్‌ట్రెక్సోన్ 50 మి.గ్రా. మేలు, కానీ ఓపియాయిడ్లు (మార్ఫిన్ లాంటి మందులు) వాడేవారు వాటిని ఆపి 7 నుంచి 10 రోజులు కాకుండా ముట్టకూడదు. మానేశాక మనసు లాగకుండా ఉండటానికి అకాంప్రోసేట్ ఉంది: 333 మి.గ్రా. మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు. లివర్ దెబ్బతిన్నవారికి ఇది నయం, కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి కాదు.