సొంత బడా, బ్రాంచిలో ప్రిన్సిపాల్ కొలువా?

హన్మకొండలో కార్పొరేట్ స్కూల్ బ్రాంచికి ప్రిన్సిపాల్‌గా వెళ్లాలా, పరకాలలోనో నర్సంపేటలోనో సొంతంగా హైస్కూల్ నడపాలా? ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన టీచర్లు చాలామంది ఇక్కడే ఆలోచనలో పడతారు.

బ్రాంచిలో జీతం నెలనెలా పడుతుంది. పుస్తకాలు, పరీక్షల షెడ్యూల్ పైనుంచే వస్తాయి. కానీ ఎండాకాలం వచ్చిందంటే అడ్మిషన్ల టార్గెట్. టీచర్లను ఇంటింటికీ పంపాల్సింది మీరే. పదో తరగతి ఫలితాలు తగ్గితే జవాబు చెప్పాల్సిందీ మీరే.

సొంత బడి లెక్క వేరు. గుర్తింపు కావాలంటే ప్రైవేటు బడుల కోసం తెచ్చిన 1994 నాటి జీవో నంబర్ 1 నిబంధనల దగ్గర్నుంచి ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) దాకా అన్నీ చూసుకోవాలి. పల్లెల్లో చాలామంది పత్తి అమ్మాకే ఫీజు కడతారు. టీచర్ల జీతాలు అప్పటిదాకా ఆగవు. 2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు చిన్న స్కూళ్లు బాగా నలిగిపోయాయి. 2021లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంతదాకా పోయిందో చూడండి.

అయినా నా ఓటు సొంత బడికే. "సార్, మావోడికి లెక్కలు వస్తలేవు" అని ఓ తండ్రి వచ్చి అంటే, ఆ సాయంత్రమే క్లాసు పెట్టొచ్చు. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నాకు హెడ్మాస్టర్ పని అంటే అదే.

చేతిలో కనీసం ఏడాది జీతాలకు సరిపడా డబ్బు లేకపోతే మాత్రం ముందు బ్రాంచిలో చేరండి. ఫీజుల లెక్కలు, యూడైస్‌లో (బడుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్) వివరాల నమోదు అక్కడ నేర్చుకోవచ్చు. వడ్డీకి తెచ్చి బిల్డింగ్ కట్టడం మాత్రం వద్దు, అద్దె భవనంలో మొదలుపెట్టండి.