అనంతపురం కంబళి ద్రాస్ చలిలో ఎంతవరకు పనికొచ్చింది

గడిచిన చలికాలంలో, నవంబరు రెండో వారం నుంచి మార్చి చివరి దాకా, నేను లద్దాఖ్‌లోని ద్రాస్ దగ్గర ఒక నిర్మాణ శిబిరంలో వెల్డరుగా పనిచేశాను. సముద్ర మట్టానికి దాదాపు 3,280 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయలో కాంక్రీటు పని చలికి ఆగిపోతుంది కానీ, మంచు తొలగించే యంత్రాల మరమ్మతు, ఉక్కు చట్రాల అతుకు పని ఆగవు. అవి ఆరుబయటే సాగుతాయి. వెళ్లేముందు కొన్న వస్తువుల్లో ఏవి నిలిచాయి, ఏవి నిలవలేదు అని మా అనంతపురం కుర్రవాళ్లు ఫోన్లు చేసి అడుగుతున్నారు. అన్నిటి గురించీ చెప్పడం కన్నా, ఎవరూ ఊహించని ఒక్క వస్తువు గురించి వివరంగా రాయడం మేలనిపించింది. అది మన జిల్లాలో చేతిమగ్గం మీద నేసిన నల్ల కంబళి.

దాన్ని కల్యాణదుర్గం వైపు ఒక పల్లెలో, తరతరాలుగా నేత పని చేస్తున్న కురుబల ఇంట్లో నేయించుకున్నాను. ధర మూడు వేల రెండు వందల రూపాయలు, పొడవు ఆరు మూరలు, బరువు రెండున్నర కిలోల పైచిలుకు. రెండు వారాల్లో ఇస్తామన్నది ఐదు వారాలకు చేతికొచ్చింది. ఆలస్యానికి కారణం అడిగితే నల్ల ఉన్ని దొరకడం కష్టమైందని చెప్పారు, ఆ మాట నిజమే. ఉన్ని ఇచ్చే దక్కనీ నల్లగొర్రెల మందలు మా చిన్నతనంలో కనిపించినంతగా ఇప్పుడు కనిపించవు. మాంసానికి గిరాకీ పెరిగాక కాపరులు నెల్లూరు జాతి వైపు మొగ్గారు, ఆ గొర్రె ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకలే కానీ ఉన్ని కాదు. ఉన్ని కత్తిరించి, ఏకి, రాట్నం మీద ఒడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేసే పనిలో ఇంటిల్లిపాదీ చేతులు పెడతారు. అంత శ్రమను చూశాక ఆ ధర ఎక్కువని నేను అనలేను.

నేసిన పెద్దాయన "యాడికి పోతాండావు నాయనా?" అని అడిగారు. మంచు పడే తావుకు పోతున్నాను తాతా అని చెప్పగానే ఆయన ఇచ్చిన సలహా చాలా విలువైనది. "కప్పుకునే దానికి గంజి అట్లే ఉండనీ, వాన నిలబడదు. ఒంటికి కుట్టించుకునే ముక్కను మాత్రం రెండు తూర్లు నానబెట్టి ఆరెయ్యి, లేకుంటే కట్టె మాదిరి నిలబడతాది" అన్నారు. ఆయన చెప్పినట్టే ఒక కొసన మూడు అడుగులకు పైగా ముక్క కోయించి, గంజి వదిలేదాకా నానబెట్టి, అనంతపురం పాతూరులో ఒక దర్జీ చేత చేతులు లేని కోటు కుట్టించాను. మిగిలిన పీలికలతో బూట్ల లోపల పాదం కింద పరుచుకునేందుకు మూడు జతల అట్టలు, గ్లౌజుల్లా చేతులకు తొడుక్కునేందుకు ఒక జత సంచులు కుట్టించాను. దర్జీ కూలి నాలుగు వందల యాభై. కుట్టు మిషను సూది రెండుసార్లు విరిగిందని ఆయన నొచ్చుకున్నారు కానీ, కుట్లు మాత్రం నాలుగు నెలల తర్వాత కూడా ఒక్కటీ ఊడలేదు.

చలిలో కష్టం చేయడం గురించి మన ప్రాంతంలో ఉన్న ఊహ ఒకటే: ఎంత మందంగా తొడుక్కుంటే అంత రక్షణ అని. డిసెంబరు తెల్లవారుజామున పదిహేను డిగ్రీలకే మఫ్లరు చుట్టుకునే ఊరి నుంచి వెళ్లినవాడిని కాబట్టి నేనూ అదే నమ్మాను. మొదటి రోజు థర్మల్ బనియను మీద రెండు స్వెట్టర్లు, దానిమీద ఆన్‌లైన్‌లో తెప్పించిన దళసరి పాలియెస్టర్ జాకెట్ వేసుకుని ఇనుప కోణాలు మోశాను. అరగంటలో ఒళ్లంతా చెమట పట్టింది. టీ కోసం పది నిమిషాలు నిలబడేసరికి ఆ చెమట వీపు మీద చల్లబడి పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. తర్వాత రెండు గంటలు మళ్లీ వేడి పుట్టలేదు, వేళ్లు కొంకర్లు పోయి రాడ్డు సరిగా పట్టుకోలేకపోయాను. నీరు ఒంటి వేడిని గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. తడిసిన బట్టతో చలిలో నిలబడిన మనిషి అసలు ప్రమాదం తన చెమటలోనే తెచ్చుకుంటాడు. మా జట్టులో తాడిపత్రి నుంచి వచ్చిన ఒక పెద్ద ఫిట్టరు, అక్కడ మూడు చలికాలాలు చూసినవాడు, ఆ సాయంత్రం నాతో అన్నాడు: "పనికి దిగేటప్పుడు కొంచెం చలెయ్యాలప్పా. చలెయ్యలేదంటే నువ్వు ఎక్కువ తొడుక్కున్నట్టే లెక్క."

మరునాటి నుంచి జాకెట్టూ ఒక స్వెట్టరూ తీసేసి, బనియను మీద పలచటి స్వెట్టరు, దానిమీద కంబళి కోటు వేసుకున్నాను. తేడా మొదటి పూటలోనే తెలిసింది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా చేతికి తడిగా తగలదు, పీల్చుకునేటప్పుడు కాస్తంత వేడిని కూడా విడుదల చేస్తుంది. దాని పోగులు మెలికలు తిరిగి ఉంటాయి కాబట్టి తడిసినా చదునుగా అణిగిపోకుండా లోపల గాలిని నిలుపుకుంటాయి. చేతులు లేకపోవడం వల్ల భుజాల కింద వేడి బయటికి పోయే దారి ఉండేది, సుత్తి ఎత్తడానికి అడ్డం లేదు. చెమట పట్టడం ఆగదు, కానీ పని ఆపినప్పుడు వీపు మీద చల్లటి తడిగుడ్డ వేసినట్టు ఉండే ఆ క్షణం రాదు. ఈ కంబళి గురించి నాకు ఒక్క వాక్యమే చెప్పే అవకాశం ఉంటే ఈ మాటే చెబుతాను.

వెల్డర్లకు, గ్రైండరు పట్టేవాళ్లకు దీనిలో ఇంకో లాభం ఉంది. పాలియెస్టర్ 250, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగి చర్మానికి అంటుకుంటుంది. నా జాకెట్ మీద మొదటి వారంలోనే నిప్పురవ్వలు పడి పదకొండు చిల్లులు లెక్కపెట్టాను, వాటిలోంచి లోపలి దూది బయటికి వచ్చింది, చలి లోపలికి వచ్చింది. దాని చీటీ మీద తీవ్రమైన చలికి తగినదని రాసి ఉంది, బహుశా ఊరికే నడిచేవాళ్లకు తగినదేమో. ఉన్ని అలా కరగదు. దాదాపు 570 డిగ్రీలు దాటితే కానీ అంటుకోదు. రవ్వ పడినచోట జుట్టు కాలిన కమురు వాసన వస్తుంది, చిన్న నల్లటి పొక్కు కడుతుంది, తనంతట తానే ఆరిపోతుంది, గోటితో గీకితే పొడిగా రాలిపోతుంది. నాలుగున్నర నెలల తర్వాత కోటు ముందు భాగమంతా అటువంటి మచ్చలతో ఉంది కానీ, వేలు దూరే చిల్లు ఒక్కటీ లేదు.

ఇప్పుడు లోపాలు. చేనేత కంబళి నేత వదులుగా ఉంటుంది, అందువల్ల గాలిని ఆపదు. మా శిబిరం గోడకు కట్టిన ఉష్ణమాపకంలో జనవరి ఉదయాల్లో సున్నాకు దిగువన 20 డిగ్రీలు మామూలు సంగతి. అటువంటప్పుడు గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే బయటపడిన చర్మానికి అది మైనస్ 33 లాగా తగులుతుంది, పది నుంచి ముప్పై నిమిషాల్లో మంచుకాటు పడవచ్చు. లోయలో మధ్యాహ్నం తర్వాత గాలి లేవడం అలవాటు, ఆ గాలికి ఉత్త కంబళి కోటుతో నిలబడితే ఛాతీ మీద చన్నీళ్లు చల్లుతున్నట్టే ఉండేది. దానిమీద వెల్డరు తోలు కోటు వేసుకున్నాకే సమస్య తీరింది. తోలు గాలిని ఆపుతుంది, కంబళి వేడిని ఆపుతుంది. రెంటిలో ఏ ఒక్కటీ సరిపోదు. తోలు కోటు లేని పనివాళ్లు కనీసం దళసరి కాన్వాస్ కోటయినా పైన వేసుకోవాలి. కంబళి ఉందికదా అని దాన్ని వదిలేస్తే నన్ను నిందించి లాభం లేదు.

చేతుల విషయంలో నా ప్రయోగం పూర్తిగా విఫలమైంది. వేళ్లన్నీ ఒకే గూటిలో ఉండే సంచులైతే వెచ్చగా ఉంటాయన్నది నిజమే. కానీ వాటితో ఎలక్ట్రోడ్ హోల్డరు పట్టు చిక్కదు, నట్టు తిప్పడం అసాధ్యం. పని కోసం వాటిని తీసి ఉత్త చేతులతో ఇనుము ముట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఆ చలిలో ఇనుము చేతి తేమను క్షణంలో గడ్డకట్టించి చర్మాన్ని పట్టేసుకుంటుంది. నా ఎడమ చూపుడువేలి కొసన పొర ఊడి రావడం ఒక పైపు తాకినందుకే, అక్కడ ఇప్పటికీ చన్నీళ్లు పడితే జివ్వుమంటుంది. చివరికి అల్లిన ఉన్ని గ్లౌజులు లోపల, వెల్డింగు తోలు గ్లౌజులు పైన వేసుకుని, ఇంకొక జత లోపలి గ్లౌజులను కంబళి కోటు కింద పొట్ట దగ్గర పెట్టుకుని గంటకోసారి మార్చుకున్నాను. కంబళి సంచులు మంచు పార పట్టడానికి మాత్రం బాగా ఉపయోగపడ్డాయి. ఇంకొకరు కుట్టించుకోవాలనుకుంటే ఆ గుడ్డను అట్టలకే వాడుకోమని చెబుతాను.

బూట్లలో పరిచిన అట్టలు మాత్రం నేను అనుకున్నదానికన్నా బాగా పనిచేశాయి. ముందు భాగంలో ఉక్కు ఉన్న బూట్లు చలిని నేరుగా వేళ్లకు చేరుస్తాయి, నేల చలి అడుగు నుంచి ఎక్కుతుంది. మన దక్కనీ ఉన్ని ముతకది, అందుకే అది తొక్కిడికి త్వరగా నలగదు. ఒక్కొక్క జత నెల పైన నిలిచింది. రాత్రి తీసి పొయ్యి దగ్గర ఆరబెట్టి, మరునాడు రెండో జత వేసుకునేవాడిని. బూట్లు ఒక సైజు పెద్దవి కొనకపోతే మాత్రం అట్ట పెట్టగానే పాదం బిగుసుకుపోయి రక్తం ఆడదు, అప్పుడు అట్ట లేకుండా ఉండడమే నయం.

కోయగా మిగిలిన కంబళి రాత్రిళ్లు పక్కకు వచ్చింది. పడుకునే ముందు బుఖారీ పొయ్యిని ఆర్పేయించేవారు, మూసిన గదిలో రాత్రంతా అది మండితే విషవాయువు చేరి నిద్రలోనే ప్రాణం పోతుంది. పొయ్యి ఆరాక చలి కింది నుంచి వస్తుంది. కంబళిని పైన కప్పుకోవడం మానేసి రజాయి కింద పరుచుకున్న రోజు నుంచే నాకు నిద్ర పట్టింది. కార్గిల్ వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, తమ గోంచా గుడ్డ కూడా ఇలాగే గొర్రె ఉన్నితో ఇంట్లో ఒడికి నేసేదని చెప్పారు. వాళ్లు ఆ పొడుగు అంగీ మీద నడుముకు గట్టిగా గుడ్డ చుడతారు. నా కోటు మీద కూడా అలా తువ్వాలు బిగించమని ఆయనే చూపించారు. కింది నుంచి గాలి దూరడం దానితో ఆగింది. మన కాపరి కంబళికీ వాళ్ల అంగీకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని తెలిసి నాకు చాలా సంతోషం కలిగింది.

బరువు, గరుకుదనం ఉన్నవే. మెడ దగ్గర దురద తట్టుకోలేక పాత లుంగీ గుడ్డతో అంచు కుట్టుకున్నాను. తడిస్తే గొర్రె వాసన వస్తుంది, ఆరడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే మంచు పడినప్పుడు గదిలోకి రాకముందే దులిపేయాలి. లోపలికి వచ్చాక కరిగితే ఉన్ని ఆ నీరంతా తాగేస్తుంది. ఒకసారి తడిసిన కోటును బయట తీగ మీద వేస్తే ఉదయానికి పలకలా గడ్డకట్టింది. దాన్ని కర్రతో కొడితే మంచు పొడిగా రాలి సగం తడి పోయింది, ఆ తర్వాత అదే పద్ధతి పాటించాను. కంబళి ఒక కొసన కుచ్చులు వదులై పోగులు ఊడడం నేత లోపమే, తీసుకునేటప్పుడే చూసి ముడి వేయించుకోవాలి. ఊరికి వచ్చాక కుంకుడుకాయ రసంలో ఒక్కసారి ఉతికి, నీడన ఆరబెట్టి, పురుగు పట్టకుండా మడతల్లో ఎండు వేపాకు వేసి పెట్టె అడుగున పెట్టాను.

ఊరికే నిలబడి కాపలా కాసేవాళ్లకు ఈ కంబళి కోటు సరిపోదు, ఒంట్లో వేడి పుట్టనివాళ్లకు ఈకల జాకెట్టే కావాలి. మోసేవాళ్లకు, తవ్వేవాళ్లకు, నిప్పు దగ్గర పనిచేసేవాళ్లకు మాత్రం నిస్సంకోచంగా కొనమని చెబుతాను. అక్టోబరు చివర్లో ఢిల్లీ వెళ్లే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే ఆగస్టులోనే నేతగాళ్లకు చెప్పి, కొంత బయానా ఇచ్చి రావాలి. నేను పోయిన వారమే అదే ఇంటికి వెళ్లి రెండోదానికి ఎనిమిది వందలు ఇచ్చి వచ్చాను. ఈసారి కోటు వెనక భాగాన్ని జానెడు పొడవు పెంచమని దర్జీకి చెప్పాలి, వంగి అతుకు వేసేటప్పుడు పాత కోటు పైకి లేచి నడుము బయటపడుతోంది.